సోషల్ మీడియాలో మన గురించి ఎంత చెప్పుకోవాలి, ఎవరికి చెప్పుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కింద ఉన్న ప్రశ్నల్లో సగం ఫ్రెండ్సూ చుట్టాలూ నన్ను అడిగినవి, మిగతా సగం రాత్రి పోస్ట్ పెట్టేసి పొద్దున్నే ఫోన్ తీయడానికి భయపడుతూ నన్ను నేనే అడుక్కున్నవి. నేను సైకాలజిస్ట్‌ని కాదు, లాయర్‌నీ కాదు, చాలా ఏళ్ళుగా ఇక్కడ తిరుగుతూ నాలుగు దెబ్బలు తిన్నదాన్ని, అంతే. నచ్చింది తీసుకోండి, నచ్చనిది వదిలేయండి.

అసలు ఎంత ఓపెన్‌గా ఉండాలి? ఒక్క ముక్కలో చెప్పేయండి.

ఏ విషయం గురించి ఎవరొచ్చి అడిగినా మీకు ఇబ్బంది అనిపించదో, అంతవరకే. పోస్ట్ పెట్టడం అంటే ఏదో చెప్పేసి ఊరుకోవడం కాదండీ, దాని గురించి మిమ్మల్ని అడిగే లైసెన్స్ చదివిన ప్రతివాళ్ళకీ రాసిచ్చేయడం, అది కూడా ఎక్స్‌పైరీ డేట్ లేకుండా.

నాకిది ఎలా తెలిసిందంటే, కొన్నేళ్ళ కింద నాకు పానిక్ అటాక్స్ వచ్చేవి. ఒకరోజు ఆఫీసు లిఫ్ట్‌లో ఊపిరాడక కింద కూర్చుండిపోయా, ఆ సంగతంతా రాత్రి పదకొండున్నరకి ఫేస్‌బుక్‌లో రాసేశా. పొద్దున లేచేసరికి ఎనభై పైన కామెంట్లు, అందరూ మంచిగానే రాశారు, ఇద్దరైతే ఇన్‌బాక్స్‌లోకొచ్చి మాకూ ఇంతే అని మొత్తం చెప్పుకున్నారు, ఆ వారమంతా గుండె మీంచి బండ దిగినట్టు ఉండింది. తర్వాత రెండేళ్ళకి, అటాక్స్ పోయి నేనే ఆ గోల మర్చిపోయాక, ఓ ఫంక్షన్‌లో దూరపు చుట్టం ఒకావిడ, వరసకి అత్త, పదిమంది మధ్యలో నా చెయ్యి పట్టుకుని "ఇప్పుడు లిఫ్ట్ ఎక్కుతున్నావా అమ్మా?" అంది. ప్రేమగానే అడిగింది పాపం. పక్కనున్న వాళ్ళందరూ ఇటు తిరిగి "లిఫ్ట్ ఏంటి?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు, లైసెన్స్ ఇచ్చింది నేనే. రాసినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు, కాకపోతే ఆ రాత్రి ఆవిడ నా ఫ్రెండ్స్ లిస్టులో ఉందన్న సంగతే నాకు గుర్తులేదు, దెబ్బ తగిలింది అక్కడ.

కొన్ని చెప్పి కొన్ని దాచుకుంటే ఫేక్‌గా ఉన్నట్టు కాదా?

కాదు. చెప్పకపోవడం వేరు, లేనిది ఉన్నట్టు చెప్పడం వేరు, ఈ రెండింటినీ కలిపేసి మనల్ని మనమే తిట్టుకుంటాం.

మనిషికి రెండు ఐడెంటిటీలు ఉండటం అంటే నిజాయితీ లేనట్టే అనే అర్థంలో ఫేస్‌బుక్ పెట్టిన మార్క్ జుకర్‌బర్గ్ ఒకప్పుడు మాట్లాడాడు. ఆయనకేం, ఆయన పోస్ట్ చూసి పిలిపించే బాస్ ఎవరూ లేరు. దానికి చాలా ముందే, 1950ల్లోనే, ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సోషియాలజిస్ట్ మనుషుల్ని స్టేజీ మీద నటులతో పోల్చాడు, ఎదురుగా ఎవరున్నారో చూసుకుని ఒక్కోచోట ఒక్కోలా ఉంటాం, తెర వెనకాల ఇంకోలా ఉంటాం అని. మీరు డాక్టర్ దగ్గర మాట్లాడినట్టు మేనేజర్ దగ్గర మాట్లాడతారా? అత్తగారి ముందు ఉన్నట్టు హాస్టల్ ఫ్రెండ్స్ ముందు ఉంటారా? దాన్ని ఎవరూ ఫేక్ అనరు, ఇంగితం అంటారు.

మరి బయట లేని తలనొప్పి ఆన్‌లైన్లో ఎందుకు?

ఎందుకంటే బయట వీళ్ళందరూ వేరే వేరే గదుల్లో ఉంటారు, ఇక్కడ అందరినీ ఒకే గదిలోకి తోసేశారు. స్కూల్ ఫ్రెండ్, పాత బాస్, పిన్ని, మాజీ లవర్, కింద ఫ్లాట్ అంకుల్, ఎవరో తెలీని మనిషి, అందరూ ఒకే పోస్ట్ కింద. రీసెర్చర్లు దీన్ని కాంటెక్స్ట్ కొలాప్స్ అంటారు, డానా బాయిడ్ లాంటివాళ్ళు దీని మీద చాలా రాశారు. హాస్టల్ జోకు హాస్టల్లో జోకే, అదే పిన్ని చదివితే ఫ్యామిలీ మీటింగ్.

అందుకే నేను "ఎంత ఓపెన్" అనేదానికంటే "ఏ గదిలో ఓపెన్" అని అడుక్కుంటా. నోరు కట్టేసుకోవడం కంటే గదులు విడదీసుకోవడం తేలిక.

సొంత పేరుతో ఉండాలా, మారు పేరుతోనా?

మీరు అక్కడికి ఎందుకొచ్చారో దాన్ని బట్టి. ఉద్యోగం, వ్యాపారం, మీ రాతలకి మీ పేరు రావాలి అనుకుంటే సొంత పేరే. జబ్బు గురించో, తాగుడు మానడం గురించో, ఇంట్లో జరిగేవాటి గురించో మాట్లాడుకోవడానికైతే మారు పేరే నయం, రెడిట్ అనే చర్చల సైట్ 2005 నుంచీ అలాగే నడుస్తోంది, అక్కడ మీ పేరు ఎవరికీ అక్కర్లేదు.

కొంతమంది మారు పేరు అంటే దొంగ అనే అనుకుంటారు, కంపెనీలు కూడా అలాగే అనుకున్నాయి. గూగుల్ ప్లస్ (గూగుల్ వాళ్ళ సోషల్ సైట్) 2011లో మొదలైనప్పుడు అసలు పేరే పెట్టాలని పట్టుబట్టి అకౌంట్లు మూసేసింది, పెద్ద గొడవై చివరికి 2014లో ఆ రూల్ ఎత్తేసింది (తర్వాత 2019లో మామూలు యూజర్లకి ఆ సైటే ఎత్తేశారు, అది వేరే కథ). అదే 2014లో ఫేస్‌బుక్ కూడా స్టేజీ పేర్లతో ఉన్న డ్రాగ్ ఆర్టిస్టుల (ఆడవేషం లాంటివి కట్టి ప్రదర్శనలిచ్చేవాళ్ళ) అకౌంట్లు ఆపేసి తర్వాత సారీ చెప్పింది. ఇప్పటికీ ఫేస్‌బుక్‌లో రోజూ జనం మిమ్మల్ని పిలిచే పేరే పెట్టాలి, ఎవరైనా రిపోర్ట్ కొడితే ప్రూఫ్ అడగొచ్చు, కాబట్టి అక్కడ మారు పేరుతో ఏళ్ళ తరబడి రాసుకున్నవన్నీ ఒక్కరోజులో పోయే రిస్క్ ఉంది, గుర్తుపెట్టుకోండి.

మారు పేరు పెడితే ఇంకెవరికీ తెలీదుగా?

అబ్బో, తెలీకపోవడమా. ఎలా దొరికిపోతారో చెప్తా వినండి. మీ రెగ్యులర్ ఫోన్ నంబరుతో కొత్త అకౌంట్ తెరిచారనుకోండి, మీ నంబర్ సేవ్ చేసుకుని కాంటాక్ట్స్ సింక్ చేసినవాళ్ళందరికీ "మీకు తెలిసినవాళ్ళేమో" అని యాప్ మిమ్మల్ని స్వయంగా చూపించగలదు. పాత డీపీయే ఇక్కడా పెడితే ఇమేజ్ సెర్చ్‌లో దొరుకుతుంది. కొత్త అకౌంట్ నుంచి ముందుగా ఎవర్ని ఫాలో అవుతారు? మీ ఫ్రెండ్స్‌నే. ఇంకేముంది. సింక్ ఆపేసి, వేరే మెయిల్‌తో తెరిచి, సెట్టింగ్స్‌లో "ఇతరులకు సజెస్ట్ చేయి" లాంటిది ఉంటే ఆఫ్ చేసి, తెలిసినవాళ్ళనెవర్నీ ఫాలో అవ్వకుండా ఉండాలి.

అన్నీ చేసినా నేను దొరికిపోయా. ఓ అకౌంట్‌లో పేరు లేకుండా ఏడాది రాశా, ఒకరోజు నా కాలేజ్ ఫ్రెండ్ మెసేజ్ పెట్టింది, "ఇది నువ్వే కదే" అని. ఎలా తెలిసిందే అంటే, ప్రతి పేరా చివర "ఏమో మరి" అని రాసి రెండు చుక్కలు పెట్టేది ప్రపంచంలో నువ్వొక్కదానివే అంది. మూడు కాదు, రెండు చుక్కలు. ఆ అలవాటు ఉందని నాకే తెలీదు.

కాబట్టి మారు పేరుని తాళం అనుకోవద్దు, కర్టెన్ అనుకోండి. రేపు కర్టెన్ తొలగినా తల ఎత్తుకు తిరగగలిగేంతే రాయండి. ఇక ప్రాణం మీదకొచ్చే విషయాలైతే, అంటే తెలిస్తే కొట్టే మనిషి ఇంట్లో ఉన్నాడు లాంటివి, వాటిని కర్టెన్ మీద భరోసాతో అసలు రాయొద్దు.

ప్రైవేట్ అకౌంట్ పెట్టుకున్నా, సరిపోతుందా?

సగం సరిపోతుంది. ఇన్‌స్టాలో ప్రైవేట్ పెట్టినా మీ పేరు, డీపీ, బయో ఎవరికైనా కనిపిస్తాయి, చాలామంది ఇల్లు తాళం వేసి బయో నిండా ఊరు, కాలేజీ, పుట్టినరోజు, పార్టనర్ హ్యాండిల్ అన్నీ రాసి పెడతారు. పబ్లిక్ అకౌంట్ పోస్ట్ కింద మీరు కామెంట్ పెడితే అది ప్రైవేట్ కాదు, దారినపోయే ప్రతివాళ్ళూ చదువుతారు, ఫేస్‌బుక్‌లో పబ్లిక్ పోస్టుల కింద కామెంట్లు కూడా అంతే. లోపలున్నవాళ్ళు స్క్రీన్‌షాట్ తీస్తే చేసేదేం లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుంది అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా.

ఎక్స్‌లో (అదే, పాత ట్విట్టర్) ఇంకోటి, 2024 చివర్లో బ్లాక్ అర్థమే మార్చేశారు, మీరు బ్లాక్ చేసినవాళ్ళు కూడా మీ పబ్లిక్ పోస్టులు చూడొచ్చు, లైక్ కొట్టడం, రిప్లై ఇవ్వడం లాంటివి మాత్రం కుదరవు. కాబట్టి అక్కడ ఎవరో ఒకరికి కనపడకూడదు అంటే బ్లాక్‌ని నమ్ముకోవద్దు, అకౌంట్‌నే ప్రొటెక్టెడ్‌లో (మీరు ఒప్పుకున్నవాళ్ళకే కనిపించేలా) పెట్టుకోవాలి.

అన్నిటికంటే పెద్దది మాత్రం పాత ఫాలోవర్లు. అకౌంట్ ఇవాళ ప్రైవేట్ చేసినా ఆరేళ్ళ కింద యాక్సెప్ట్ చేసినవాళ్ళు లోపలే కూర్చుని ఉంటారు. ఆదివారం ఓ గంట కూర్చుని లిస్టు మొత్తం చూడండి, "ఈయనెవరు?" అనిపించిన ప్రతివాళ్ళనీ తీసేయండి, ఇన్‌స్టాలో రిమూవ్ చేస్తే వాళ్ళకి నోటిఫికేషన్ కూడా పోదు.

క్లోజ్ ఫ్రెండ్స్ లిస్ట్ పనికొస్తుందా?

నాకైతే బాగా. మనం ఎంచుకున్నవాళ్ళకే స్టోరీ కనిపించేలా పెట్టుకునే లిస్టు, ఇన్‌స్టాలో 2018 నుంచి ఉంది. లిస్టులో ఉన్నవాళ్ళకి పచ్చ రంగు రింగ్ కనిపిస్తుంది కాబట్టి వాళ్ళున్నారని వాళ్ళకి తెలుస్తుంది, ఇంకెవరున్నారో మాత్రం తెలీదు. చిక్కంతా మొహమాటంతోనే. "నన్ను పెట్టలేదేంటి" అని ఒకరు అలుగుతారు, పోన్లే అని పెడతాం, అలా పోన్లే పోన్లే అనుకుంటూ నా లిస్టు అరవై మంది అయ్యింది, అరవై మంది క్లోజ్ ఏంటండీ, అది బస్సు. ఇప్పుడు తొమ్మిది మందే ఉన్నారు. కష్టం వస్తే రాత్రి ఫోన్ చేయగలనా అనేదే లెక్క.

వాట్సాప్ కూడా సోషల్ మీడియాలోకే వస్తుందా?

వస్తుంది, పైగా చాలామంది జారేది అక్కడే. స్టేటస్‌ని "మై కాంటాక్ట్స్" మీద వదిలేస్తారు, నంబర్ అటూ ఇటూ సేవ్ అయి ఉన్న గ్యాస్ అబ్బాయి నుంచి ఆఫీసు హెచ్‌ఆర్ వరకు అందరూ చూస్తారు. "మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్" అని ఒకటుంది, వాడండి, డీపీకీ లాస్ట్ సీన్‌కీ కూడా ఉంది. బ్లూ టిక్ ఆపితే వాళ్ళు చదివారో లేదో మీకూ కనపడదు, మీ స్టేటస్ ఎవరు చూశారో కూడా కనపడదు, గ్రూపుల్లో అయితే ఆపినా ఆగదు.

గ్రూప్‌ని మాత్రం ఇల్లు అనుకోవద్దు. ఒక్కో గ్రూప్‌లో 1024 మంది వరకు ఉండొచ్చు, అందరికీ మీ నంబర్ కనిపిస్తుంది.

ఎవరినో ఉద్దేశించి పెట్టే ఆ సూటిపోటి స్టేటస్‌లు ఉంటాయి చూశారా, "కొందరు మనుషులు ఎప్పటికీ మారరు" అని, అవి పెట్టొద్దు. ఎవరి గురించో వాళ్ళొక్కళ్ళకి తప్ప మిగతా రెండొందల మందికీ తగులుతుంది.

లింక్డ్‌ఇన్‌లో ఎంత ఓపెన్?

అక్కడ ఏడుపు పోస్టులు నాకు పడవు, అది నా గోల. ఒక్కటి మాత్రం చెప్తా, వేరే ఉద్యోగం చూస్తున్నట్టు రిక్రూటర్లకి మాత్రమే కనిపించేలా పెట్టుకునే ఆప్షన్ ఉంది, మీ కంపెనీ వాళ్ళకి కనపడకుండా లింక్డ్‌ఇన్ వాళ్ళు ప్రయత్నిస్తారు గానీ పూర్తి గ్యారంటీ ఇవ్వమని వాళ్ళే రాసుకున్నారు. డీపీ చుట్టూ "ఓపెన్ టు వర్క్" అనే ఆకుపచ్చ ఫ్రేమ్ పెడితే ఇంక దాచేదేం లేదు, దండోరా వేసినట్టే.

డిప్రెషన్, విడాకులు, అబార్షన్, అప్పులు... ఇలాంటివి రాయొచ్చా?

రాయొచ్చు. ఎవరో ఒకరు రాయబట్టే మిగతావాళ్ళు "నాకొక్కదానికే కాదన్నమాట" అనుకుంటారు, నా లిఫ్ట్ పోస్ట్ కింద నాకు జరిగింది అదే. కాకపోతే ముందు కొన్ని చూసుకోండి.

మొదటిది, ఇది ముందుగా ఎవరి చెవిన పడాలి? అమ్మకో, అన్నకో, ఆయనకో ఫోన్ చేసి చెప్పాల్సింది వాళ్ళు పక్కింటివాళ్ళు చూపిస్తే ఫీడ్‌లో చదవకూడదు, ఆ దెబ్బ చాలాకాలం పోదు. రెండోది, ఈ కథలో ఇంకెవరున్నారు? విడాకులు మీవే, కానీ అవి ఆయనవి కూడా, పిల్లలుంటే వాళ్ళవి కూడా. "నేను ఒంటరిగా ఉండటం నేర్చుకుంటున్నా" అని రాసే హక్కు పూర్తిగా మీది, ఆయన తాగుడు గురించి ఫొటోతో సహా రాయడం వేరే లెక్క, ఒక్కోసారి కోర్టు లెక్క కూడా, అవతలి లాయర్ మీ పోస్టులు ప్రింట్ తీసి పెట్టగలడు. మూడోది, రేపు మీరు దీన్నుంచి బయటపడ్డాక కూడా జనం మిమ్మల్ని దీంతోనే గుర్తుపెట్టుకుంటే ఓకేనా? నాలుగోది చిన్నదే, కామెంట్లకి జవాబిచ్చే ఓపిక ఆరోజు ఉందా? లేకపోతే కామెంట్లు ఆఫ్ చేసి పెట్టండి, ఎవరూ ఏమనుకోరు.

ఇప్పుడు ప్రాణం తీసుకోవాలనిపించేంత బాధలో ఉంటే మాత్రం పోస్ట్ వద్దు, మనిషి కావాలి, ఎవరికో ఒకరికి ఫోన్ చేయండి. పోస్ట్ ఎప్పుడు ఎవరి కంట పడుతుందో తెలీదు.

నేను గే అని ఇంకా ఇంట్లో తెలీదు. ఆన్‌లైన్లో ముందు చెప్పొచ్చా?

దీనికి ధైర్యంగా చెప్పేయ్ అని ఎవరైనా అంటే నమ్మొద్దు, ఆ ధైర్యం ఖరీదు వాళ్ళు కట్టరు. ఇల్లు, ఫీజు, తిండి ఎవరి చేతిలో ఉన్నాయో ముందు చూసుకోండి. వాళ్ళ చేతిలోనే ఉంటే, వాళ్ళు ఎలా తీసుకుంటారో తెలీకపోతే, మారు పేరుతో మీలాంటివాళ్ళ మధ్య మాట్లాడుకోండి, అదేం పిరికితనం కాదు. చెప్పడం ఎప్పుడైనా చెప్పొచ్చు, చెప్పింది వెనక్కి తీసుకోవడమే కుదరదు. మతం మారినవాళ్ళు, వదిలేసినవాళ్ళు కూడా ఇదే అడుగుతుంటారు, వాళ్ళకీ నా జవాబు ఇదే.

రాజకీయాలు?

రాయండి, కానీ కోపంలో రిప్లై ఇచ్చేది మనిషికా జెండాకా అని చూసుకోండి. ఎక్స్‌లో 2024 జూన్ నుంచి మీ లైకులు వేరేవాళ్ళకి కనపడవు, మీరు ఎవరి పోస్ట్ లైక్ చేశారో ఆ పోస్ట్ పెట్టినవాళ్ళకి మాత్రం తెలుస్తుంది. రీపోస్ట్‌లు అందరికీ కనిపిస్తాయి.

పిల్లల ఫొటోలు పెట్టొచ్చా?

లైసెన్స్ సంగతి ఇందాక చెప్పా కదా, ఇక్కడ చిక్కేంటంటే ఆ లైసెన్స్ మీది కాదు, మీ పిల్లాడిది. చాలా యాప్స్‌లో 13 ఏళ్ళు దాటితేగానీ అకౌంట్ ఇవ్వరు, కానీ ఆ వయసొచ్చేసరికే వాడి స్నానం ఫొటోలు, మార్కులు, ఏడుపులు, పక్క తడిపిన కథలు అన్నీ మన అకౌంట్‌లో ఉంటాయి. నాలుగేళ్ళ పిల్లని కూడా "ఇది పెట్టనా?" అని అడగొచ్చు. మా అక్క కూతురు ఆరేళ్ళప్పుడు "పళ్ళు లేనిది వద్దు పిన్నీ, ఇంకోటి పెట్టు" అంది, నాకప్పుడు అర్థమైంది వాళ్ళకి కూడా తమ ఇమేజ్ గురించి లెక్క ఉంటుందని. స్కూల్ యూనిఫాం, బ్యాడ్జి, బస్ నంబర్ కనపడేవి మాత్రం అడక్కుండానే వద్దు.

మా ఆయన మా ఇద్దరివీ అన్నీ పెట్టేస్తున్నాడు, ఏం చేయను?

చెప్పండి. ట్యాగ్ రివ్యూ (మిమ్మల్ని ట్యాగ్ చేసినవి ముందు మీరు ఓకే చేసే సెట్టింగ్) ఆన్ చేస్తే మీ ప్రొఫైల్‌లోకి రాకుండా ఆపొచ్చు గానీ ఆయన ప్రొఫైల్‌లో ఉంటుంది, దానికి సెట్టింగ్ లేదు, సంసారంలో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

లొకేషన్, ట్రిప్పు ఫొటోలు?

వచ్చాక పెట్టండి, అంతే. స్ట్రావా అనే రన్నింగ్ యాప్ 2017లో యూజర్లు ఎక్కడెక్కడ పరిగెత్తారో ప్రపంచం మొత్తం మీద మ్యాప్‌లా చూపించింది, ఎవరి పేర్లూ లేవు, అయినా 2018 జనవరిలో జనం అందులోంచి సైనిక స్థావరాల దారులు పట్టేశారు, చీకటిగా ఉండాల్సిన ఎడారిలో వెలుగు గీతలు. సైనికులే చూసుకోలేదు, మనమెంత. మీరు రోజూ పొద్దున ఒకే గేటు దగ్గర మొదలెట్టే వాకింగ్ మ్యాప్ అంటే ఇంటి అడ్రస్ రాసినట్టే.

ఫోన్‌లో తీసిన ఫొటోలో ఎక్కడ తీశారో కూడా లోపల నమోదై ఉండొచ్చు, పెద్ద యాప్స్ పోస్ట్ చేసేటప్పుడు దాన్ని చూసేవాళ్ళకి అందకుండా తీసేస్తాయి, కానీ వాట్సాప్‌లో క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే ఆ వివరాలతో సహా పోతుంది.

పాత పోస్టులు చూస్తే సిగ్గేస్తోంది, ఏం చేయాలి?

ఫేస్‌బుక్‌లో "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" అని ఉంది, పబ్లిక్‌గా ఉన్న పాతవన్నీ ఒక్క దెబ్బకి ఫ్రెండ్స్‌కి మాత్రమే అయిపోతాయి. "వ్యూ యాజ్" నొక్కితే బయటివాళ్ళకి మీ ప్రొఫైల్ ఎలా కనపడుతుందో చూపిస్తుంది, ఒకసారి చూడండి, నేను చూసినరోజు 2011లో సినిమా హీరో మీద రాసిన కవిత కనపడింది, ఎనిమిది లైన్లు, చంద్రుడు రెండుసార్లు వచ్చాడు. ఇన్‌స్టాలో డిలీట్ బదులు ఆర్కైవ్ చేసుకోవచ్చు, మీకు ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఎంత తుడిచినా స్క్రీన్‌షాట్లు ఉండొచ్చు, 1996 నుంచి వెబ్ పేజీల్ని దాచిపెడుతున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివాటిలో పబ్లిక్ పేజీలు ఉండొచ్చు, అయినా తుడవడం వేస్ట్ కాదు, మామూలు మనిషి అంత తవ్వడు.

అన్నీ నవ్వుతున్న ఫొటోలే పెడితే జనం ఫేక్ అనుకోరా?

అనుకోనివ్వండి. మీ కష్టం చూపించి రుజువు చేసుకోవాల్సిన అవసరం మీకు లేదు.

ఏమీ పెట్టకుండా అందరివీ చూస్తూ ఉంటా, తప్పా?

లేదు. మూగ మనిషి అనుకుంటారు, అంతే.

పెట్టేముందు మీరేం చేస్తారు?

రాత్రి పదింటి తర్వాత రాసినదాన్ని ఫేస్‌బుక్‌లో "ఓన్లీ మీ" (నాకొక్కదానికే కనిపించేలా) పెట్టి పడుకుంటా. ఎదురుగా మనిషి మొహం కనపడకపోతే మనం మామూలుగా చెప్పనివి కూడా చెప్పేస్తాం, జాన్ సూలర్ అనే సైకాలజిస్ట్ 2004లో దీని మీదే ఓ పేపర్ రాశాడు, ఆ ఎఫెక్ట్ నాకు పదింటి తర్వాత డబుల్ అవుతుంది. పొద్దున కాఫీ టైమ్‌లో మళ్ళీ చదువుతా, ముగ్గురు మనుషుల్ని పేరు పెట్టి తలుచుకుంటా, మా బాస్, మా అమ్మ, ఆ లిఫ్ట్ అత్త. ముగ్గురూ ఫోన్ చేసి దీని గురించి అడిగినట్టు ఊహించుకుంటా. ఎవరి ఫోన్ ఎత్తబుద్ధి కాదో వాళ్ళు లేని గదిలో పెడతా. ముగ్గురివీ ఎత్తబుద్ధి కాకపోతే నోట్స్ యాప్‌లో ఉంచుకుంటా, అక్కడ చాలా ఉన్నాయి, మంచివే కొన్ని.

ఆల్రెడీ పెట్టేశా. ఇప్పుడు గుండె దడగా ఉంది. తీసేయనా?

ముందు ఎవరికి కనపడుతోందో ఆడియన్స్ మార్చండి, అది అరనిమిషం పని. తర్వాత ఒక గంట ఆగి ఆలోచించండి. అప్పటికీ దడ తగ్గకపోతే తీసేయండి. "ఎందుకు తీసేశావ్?" అని ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు, "ఊరికే" అనండి. నేనూ అదే అంటాను, ఇప్పటివరకు ఎవరూ రెండోసారి అడగలేదు.